బల్ల చుట్టూ సమ్మె

మా అత్తగారిని నలుగురిలో ఏడిపించాలని పన్నాగం పన్నాను. తిట్టండి, కాదనను. కానీ అంతా విన్నాక తిట్టండి, ఇంకా గట్టిగా తిట్టొచ్చు.

నేను ఆటలు తయారుచేస్తాను. ఫోన్‌లో ఆడేవి కాదు. బల్ల చుట్టూ మనుషులు కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు తలో పాత్ర చీటీ తీసుకుని, ఏం చేస్తారో నోటితో చెప్పి పాచికలు వేస్తారు. రాసేది నేనే, బొమ్మ గీసేది నేనే, అచ్చు వేయించేది నేనే. అమ్మేది... అదింకా జరగలేదు.

ఎవడికి చూపించినా "రాక్షసులు లేరా, కోటలు లేవా" అంటాడు. ఉన్నాడురా నాయనా రాక్షసుడు! ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి మిల్లు గేటుకి తాళం వేస్తాడు. నా ఆట పేరు 'పాత బాయిలర్'. మిల్లు కార్మికుల కథ. అట్ట మీద నల్లటి ఆకాశం, నల్లటి పొగగొట్టం, నల్లటి పొగ.

మా బావమరిది పెట్టెని అటూ ఇటూ తిప్పి, "బావా, ఇది ఆటపెట్టెనా, శవపెట్టెనా?" అన్నాడు.

వాడికి కళేం తెలుసు? గోడౌన్‌లో సూపర్‌వైజర్. "ఇదీ పోతే మా దగ్గర మూటలెత్తే పని ఖాళీగా ఉంది" అన్నాడు, మొహం మీదే. వాడి కింద నేను! మా ఆవిడ కూడా సరేనంది. ఇక నా పరువంతా ఆ ఒక్క పెట్టె మీదే నిలబడింది.

ఇలాంటి ఆటలు అమ్మే కొట్టు ఊరు మొత్తానికీ ఒక్కటే. కొట్టాయన్ని అందరూ ఆవులింత అంటారు. ఏ కొత్త ఆట చూపించినా ఆవులిస్తాడు మరి. "మీ ఇంటివాళ్ళని తీసుకొచ్చి నా ముందు ఆడించు. నాకు ఆవులింత రాకపోతే కొట్టు కిటికీలో అమ్మకానికి పెడతా. వస్తే మళ్ళీ నా గుమ్మం ఎక్కకు" అన్నాడు.

అప్పుడు పుట్టింది పన్నాగం.

ఆ ఆటలో కథ ఎవరిదనుకున్నారు? మా మామగారిది. బీటలు వారిన బాయిలర్‌ని వెలిగించమన్నారు. వెలిగించాడు. ఇంటికి ఆయన చెప్పులే వచ్చాయి. భోజనాల దగ్గర మా అత్తగారు చెబుతుంటే, నేను చెయ్యి కడుక్కోకుండా రాసేసుకున్నాను. ఇప్పుడా బాయిలర్ మనిషి చీటీ ఆవిడ చేతికే ఇస్తే? ఏడవక ఏం చేస్తుంది? ఏడుపు చూస్తూ ఆవులించే మగాడు ఇంకా పుట్టలేదు.

"మా అమ్మెందుకు?" అంది మా ఆవిడ, చీటీలు కత్తిరిస్తూ.

"సరదాగా కాసేపు..."

"మా నాన్న చావు సరదానా?"

"అది కళ!"

"కళ మీది, కత్తెర నాది, చావు మావాళ్ళది. పెట్టెలు మడిచేది మా అమ్మ, మోసేది మా తమ్ముడు. పేరు మాత్రం మీ ఒక్కరిదే."

"ఇల్లన్నాక తలో చెయ్యీ వెయ్యరూ?"

"మిల్లువాడూ ఇదే అన్నాట్ట."

"చీటీలు కలిపే పంచుతాలే" అన్నాను. కలపలేదు.

కొట్లో బల్ల దగ్గర కూర్చున్నాం. మా బావమరిదికి నేత పనివాడి చీటీ, మా ఆవిడకి సంఘం నాయకురాలి చీటీ. మా అత్తగారు తన చీటీ చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. నా వైపు చూసింది. మా ఆవిడ ఆ చీటీలోకి తొంగిచూసి, తను కూడా నా వైపు చూసింది. నేను ఆవులింత వైపు చూశాను. ముందుకు వంగాడు. శభాష్!

గొంతు బొంగురుగా పెట్టి, "యజమాని మనిషి వచ్చాడు. వెలిగించు, అన్నాడు" అని పాచికలు ఆవిడ ముందుకు తోశాను. ఎంత పడినా బాయిలర్ పేలుతుంది. పాచికలు ఊరికే చూపుకి.

ఆవిడ పాచికలు ముట్టుకోలేదు. "వెలిగించను."

"వెలిగించాలి అత్తయ్యా. కథ అది."

"ఆయనా అలాగే అనుకున్నాడు అల్లుడూ. నేనొక్కణ్ణే కాదంటే పని పోతుందన్నాడు. అప్పుడు ఆయన పక్కన ఒక్కడూ నిలబడలేదు." కన్నీటి చుక్క లేదు. "నేను వెలిగించను."

"బాయిలర్ ఆగితే మేమూ ఆగుతాం" అని మా ఆవిడ చేతులు కట్టుకుంది. తమ్ముడి వైపు చూసింది. వాడూ కట్టుకున్నాడు. "మీ ఆట రూల్స్ పుస్తకంలోదే వినండి: 'కార్మికులందరూ చేతులు కట్టుకుంటే, కోర్కెలు ఒప్పుకునేదాకా కథ నడిపేవాడు నోరెత్తరాదు.'"

ఆఖరి ఘట్టం కోసం రాసిన రూలది! ఆఖర్లోనే అని మాత్రం రాయలేదు. ఆ మాటే అనబోయాను.

"ష్!" అన్నాడు ఆవులింత. పుస్తకం లాక్కుని చూశాడు. "ఉందయ్యా. పెద్దక్షరాల్లో ఉంది."

"బాయిలర్ వెలగదు" అంది అత్తగారు.

"చీటీలు కత్తిరించినవాళ్ళ పేరు పెట్టె మీదుండాలి" అంది మా ఆవిడ.

"మోసినవాడిదీ" అన్నాడు బావమరిది.

"ఆయన పేరు అందరికన్నా పైన" అంది అత్తగారు.

జీవితమంతా సమ్మెల గురించి గొంతు చించుకున్నవాణ్ణి. సమ్మెకి అవతలి వైపు కుర్చీ ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. మెత్తగానే ఉంది, అదే అసహ్యం. ఆవులింత నోరు తెరిచాడు. అయిపోయింది, మూటలే గతి అనుకున్నాను. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. "తర్వాతేంటి? ఒప్పుకుంటాడా లేదా?" అన్నాడు.

తల ఊపాను.

ఆట కిటికీలోకి ఎక్కింది. ఒక్క షరతు: వారం వారం కొట్లో ఆడించేది నేను కాదట, అత్తగారట.

దారిలో నసిగాను. "మొత్తానికి ఆటలోనైనా మామగారిని బతికించుకున్నారు అత్తయ్యా."

"ఇంటికెళ్ళి తలుపు తీస్తే ఎవరుంటారు అల్లుడూ?" అంది.



ఇప్పుడు ప్రతి వారం బాయిలర్ మనిషి చీటీ నాకే వస్తుంది. అత్తగారు యజమాని గొంతు పెట్టి "వెలిగించు" అంటుంది. ఆ గొంతు ఆవిడకెలా వచ్చిందో! వెలిగించనంటాను. అని చేతులు కట్టుకుని మా ఆవిడ వైపు చూస్తాను.

ఆవిడా కట్టుకుంటుంది. కాకపోతే వెంటనే కాదు.