ఖాళీ డబ్బా నేరం

ఊరి శుభ్రత కోసం సర్కారువారు ఎంతో ముందుచూపుతో ఒక నిబంధన తెచ్చారు. ఇకపై ప్రతి హోటలూ, ప్రతి బడీ తన తడిచెత్తను ఆకుపచ్చ డబ్బాలో నింపి చెత్తబండికి అప్పగించాలి. నిండని డబ్బాను బండివాడు ఎత్తడు. ఎత్తలేదంటే అక్కడివాళ్లు చెత్తను దొంగచాటుగా పారేస్తున్నట్టే లెక్క. వంటగదికి తాళం పడుతుంది. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు.

మా పిల్లల బడిలో మాత్రం డబ్బా అద్దంలా మెరుస్తూ కూర్చుంది. కారణం వంటమ్మ. ఆవిడ వండితే కంచాలు కడగనక్కర్లేదు. కూరగాయల తొక్కల్ని సైతం కమ్మగా వేయించి పెట్టేస్తుంది.

తడిచెత్త అధికారిగారు వచ్చి డబ్బాలోకి తొంగిచూశారు.

"చెత్త ఎక్కడ దాచారు?"

"పిల్లల పొట్టల్లో సార్" అన్నారు పెద్దమాస్టారు.

"పొట్టలు మా పరిధిలోకి రావు. వారం గడువిస్తున్నాను" అని, సాక్ష్యం కోసం అక్కడే భోంచేసి, సాక్ష్యం చాలక మళ్లీ వడ్డించుకుని మరీ వెళ్లారు.

పెద్దమాస్టారు ఎదురుగా ఉన్న హోటల్లో చెత్త అరువడిగారు. "మాకే చాలక సంతలో కుళ్లినవి కొంటున్నాం మాస్టారూ! మంచివాటికంటే అవే పిరెం" అన్నాడు హోటలాయన. సరే, మెతుకు వదిలినవాడే మంచి పౌరుడని నీతిపాఠం చెప్పించారు. పిల్లలు బుద్ధిగా తలూపి, కంచాలు నాకి లేచారు.

చివరికి వంటమ్మను పిలిచారు.

"అమ్మా, వంట కాస్త చెడగొట్టు. నీ పని నిలబడుతుంది."

"ఉప్పు కుమ్మరించాను సార్. వెధవలు నీళ్లు తాగి మరీ తిన్నారు! ఇల్లు గడవాలి, తీసెయ్యకండి. ఇంతకంటే చెడగొట్టడం నా చేతికి రాదు."

"రాదంటే ఎలాగమ్మా? దేశమంతా నేర్చుకుంటోంది."

ఆవిడ చేతికి రానిది పెద్దమాస్టారి బావమరిదికి వెన్నతో పెట్టిన విద్య. ఆయన గరిటె పట్టిన తొలిపూటే డబ్బా పొంగింది. రెండోది తెప్పించారు. బడికి ఆదర్శ పాఠశాల బిరుదొచ్చింది.

సన్మానసభలో అధికారిగారు మైకందుకున్నారు. "మొన్నటిదాకా ఈ బడిలో చెత్తన్నదే లేదు. ఎంత దుస్థితి! ఇవాళ ఇద్దరు పట్టినా డబ్బా కదలడం లేదు. ఇదండీ అభివృద్ధి!"

వంటమ్మకేమైందోనని బెంగపడకండి. ఆవిడిప్పుడు అధికారిగారింట్లోనే వండుతోంది. ఇళ్లకు ఆ నిబంధన వర్తించదు.

తల్లిదండ్రులం మేమంతా అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాం. ఇంటికి రాగానే పిల్లలు "అమ్మా, ఆకలి" అని మొదలుపెట్టారు.

"ఉండండర్రా! సభలో తీసిన ఫొటోలో డబ్బా పక్కన మీరెంత బాగా పడ్డారో ముందు చూడనివ్వండి" అన్నాం.