బోనుకు పోయిన మేక

పొద్దున్నే మేకలను తోలుకొని అంగడికి వెళ్లాలని తొండుపల్లి కుర్మయ్య చాయ్ తాగుతూ లెక్కలు వేసుకుంటున్నాడు. అంతలో దొడ్లోంచి అతని భార్య సత్తెమ్మ కేక వేసింది.

"ఏమయ్యా, మైసమ్మకు మొక్కిన మేక గుంజకు లేదేంది? నిన్న మాపటికి జీపుల ఎక్కించింది దాన్నేనా?"

కుర్మయ్య చాయ్ గ్లాసు పక్కన పెట్టి గుంజ దగ్గరికి ఉరికాడు. ఎయిర్‌పోర్టు గోడ పక్కన చిరుత తిరుగుతోందని అటవీశాఖ వాళ్లు బోను పెట్టారు. దాని ఒంటి మీద గీత పడకుండా పట్టి అడవిలో వదలాలట. ఎరకు మేక కావాలంటే, మసక చీకట్లో చేతికందిన నల్లమేకను ఎక్కించి పంపాడు.

"కొడుకు దవాఖాన నుంచి పాణంతోని ఇంటికొస్తే మొక్కిన మొక్కు. ఆదివారం అమ్మకు ఏం జెప్తవ్? పులి తిన్నదంటవా?"

కొన్నవాడు కోపగిస్తే ఇంకో మేకనిచ్చి నచ్చజెప్పొచ్చు. దేవత దగ్గర ఆ బేరం నడవదు. పిలవగానే మందలోంచి వచ్చిన మరో నల్లమేకను మోపెడ్ మీద వేసుకొని, మార్చుకొద్దామని బయలుదేరాడు.

ఆకులూ కొమ్మలూ కప్పిన బోనులో మేక తాపీగా నెమరేస్తోంది. కానీ దాన్ని కట్టేసిన లోపలి అర తలుపుకు తాళం ఉంది. చిరుత కోసం ముందు తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. అర ఊచలు కాస్త ఎడం చేసి మేకను గుంజుదామని కుర్మయ్య లోపలికి దూరాడు. కాలు నేలమీది పలకపై పడింది, వెనకనుంచి తలుపు ధన్‌మని దిగింది. ఆ చప్పుడుకు బయట కట్టిన మేక తాడు తెంపుకొని పరుగందుకుంది. ఉన్న మేక చేతికి రాలేదు, తెచ్చిన మేక పోయింది, తాను బోనులో మిగిలాడు. ఇంత నష్టపు బేరం అతను ఎన్నడూ చేయలేదు.

తలుపు పడగానే, బోనుకు బిగించిన పరికరం వల్ల అటవీ అధికారిణి కళ్యాణి ఫోన్ మోగింది. మత్తు తుపాకీతో జీపు వచ్చింది. జీపు వెనక ఊరంతా వచ్చింది.

"లోపల ఏదో కదులుతున్నది, అందరు దూరం జరుగుండ్రి!" అంది కళ్యాణి.

"కాల్చకుండ్రి మేడం! నేను, మేకల కుర్మయ్యను!"

ఎత్తిన తుపాకీ కిందికి దిగింది. "అన్నా, మేకను తిన్నవా, ఇంకా లేదా?" అని గుంపులోంచి ఎవరో అరిచారు.

"మేడం, కేసు గిట్ట పెట్టకుండ్రి. అది మైసమ్మ మేక, జర ఇచ్చేయుండ్రి."

"తీస్కపోండి. చిరుత తెల్లారకముందే అడవి దిక్కు పోయింది, కెమెరాల పడ్డది. బోను ఎత్తేసి మీ మేకను మీ ఇంటికాడనే దింపుదామనుకున్నం. గంతల తలుపు పడ్డది, ఇంకో చిరుతేమో అని ఉరికొచ్చినం."

అప్పుడే సత్తెమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఆమె వెంట పారిపోయిన మేక. బోనులోని మేకను చూసి నెత్తి కొట్టుకుంది.

"గది మొక్కు మేక కాదయ్యా! మొక్కు మేక గుంజ నుంచి ఊడి మందల గలిసింది. దాన్నే నువ్వు మోపెడ్ మీదేసుకొని పులికి ఇయ్యనీకి పోయినవ్. అమ్మ చల్లంగ జూసింది, మేక ఇంటికి ఉరికొచ్చింది!"

కుర్మయ్య బోనులోంచే మైసమ్మకు చేతులెత్తి దండం పెట్టాడు. మొక్కు దక్కింది, మేకలు రెండూ దక్కాయి, చిరుతకు దాని అడవి దక్కింది.

పనులు మానుకొని చిరుతను చూడవచ్చిన జనానికే ఆ పూట బేరం గిట్టలేదు.