కడుపులో ఉన్నదాని చట్టం

ఎలుగులకు తేనెపట్లు, పందులకు పదవులు పుష్కలంగా దొరికే ఒక పెద్ద అడవి ఉండేది. అక్కడ సింగారమ్మ అనే కుందేలు కాపురం చేస్తోంది. పోయిన కాన్పులో చావు తప్పి బయటపడింది. పిల్లలింకా పాలు మానలేదు, మళ్లీ నెల తప్పింది.

"ఈసారి నావల్ల కాదు," అంది మొగుడితో.

"నీ ఒళ్లు, నీ ఇష్టం. పిల్లల్ని నేను చూస్తాలే, వెళ్లిరా," అన్నాడు ఆయన.

సింగారమ్మ కొండముచ్చు డాక్టరమ్మ మంగతాయారు దగ్గరికి వెళ్లింది. గర్భం పోవడానికి ఆవిడ రెండు ఆకులిస్తుంది, ఇవాళొకటి, రేపొకటి. ఎంత రక్తం పోతే కంగారు పడాలో, ఎప్పుడు పరిగెత్తుకు రావాలో విడమరచి చెబుతుంది కూడా.

ఆ రోజు మాత్రం ఆవిడ మొహం వాడిపోయి ఉంది.

"నిన్ననే కొత్త చట్టం వచ్చిందమ్మా. ఆకు ఇచ్చే ముందు మన అడవి సభవారు రాసిన సమాచారమంతా నీకు వినిపించాలి. విన్నాక ఒక రాత్రి ఆలోచించుకుని మళ్లీ రావాలి."

ఆ సభలో ఆడది ఒక్కతీ లేదు. అధ్యక్షుడు అడవిపంది వరహాలరావు. చట్టం రాసింది నెమలి పింఛాలయ్య. "నిండు సభలో గర్భం అనే మాటేమిటి, అసహ్యంగా!" అని వరహాలరావు బురద దులుపుకుంటూ అభ్యంతరం చెప్పాడట. పింఛాలయ్య ఆ మాట కొట్టేసి, 'కడుపులో ఉన్నదాన్ని బయటికి పంపే మందు ఏదైనా' అని నాజూగ్గా రాశాడు. అంతా చప్పట్లు కొట్టారు. ఆ సంబరంలో పనసపళ్ల విందు చేసుకున్నారు.

డాక్టరమ్మ చదవడం మొదలుపెట్టింది.

"'ఓ అమాయకురాలా! నీ కడుపులో ఉన్నది రేపు ఈ అడవినే ఏలవచ్చును. మొదటి ఆకు మింగాక మనసు మారితే తలకిందులుగా వేలాడుము. మందు వెనక్కి వచ్చును.'"

"నిజమా డాక్టరమ్మా?"

"శుద్ధ అబద్ధం."

"మరెవరు చెప్పారు?"

"గబ్బిలం. ఆయనా సభ్యుడే. తన జబ్బులన్నీ అలాగే తగ్గాయట. నేనిది చదవకపోతే ఆసుపత్రి మూసేస్తారు, తల్లీ."

సింగారమ్మకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. తన ఒంట్లో నెత్తురు లేదని తనకి తెలుసు. మిగతాది వాళ్లకి తెలుసట!

అంతలో తలుపు తోసుకుని వరహాలరావు వచ్చిపడ్డాడు. పొట్ట డోలులా ఉబ్బిపోయింది.

"డాక్టరమ్మా! పనసపండు తిన్నాను. తొనలు, పిక్కలు, తొక్కతో సహా! ఏదీ కదలడం లేదు. విరేచనాల మందు, త్వరగా!"

మంగతాయారు మందు అందుకోబోయి ఆగింది. కళ్లు మెరిశాయి.

"అయ్యా, ఇది కడుపులో ఉన్నదాన్ని బయటికి పంపే మందే కదండీ?"

"అందుకేగా అడుగుతోంది!"

"అయితే కూర్చోండి. 'ఓ అమాయకురాలా!'"

"నేను మగాణ్ని!"

"చట్టంలో ఆడా మగా అని లేదండీ. 'నీ కడుపులో ఉన్నది రేపు ఈ అడవినే ఏలవచ్చును...'"

సింగారమ్మ నవ్వాపుకోలేక చెవులు నోట్లో కుక్కుకుంది.

"'దాన్ని పంపేయమని నిన్నెవరైనా బలవంతపెడుతున్నారా?'"

"పనసపండే బలవంతపెడుతోంది! ఇవ్వు!"

"రేపండీ. ఒక రాత్రి ఆలోచించుకోవాలి మరి."

"ఆలోచించడానికేముంది? నా కడుపు సంగతి నాకు తెలియదా?" అని గావుకేక పెట్టాడు వరహాలరావు.

"నేనూ అదే అంటున్నానండీ," అంది సింగారమ్మ.

బయట నుంచి మూలుగులు వినిపించాయి. విందు తిన్న సభ్యులంతా పొట్టలు పట్టుకుని వచ్చేశారు. గబ్బిలం కొమ్మకి తలకిందులుగా వేలాడుతూ, "ఏమీ పనిచెయ్యట్లేదు నాయనోయ్!" అని ఏడుస్తున్నాడు.

"చట్టం ఆ ఆడాళ్ల మందుకొక్కదానికే అని సవరణ చేద్దాం," అన్నాడు పింఛాలయ్య మెలికలు తిరుగుతూ. "కాకపోతే అందులో గర్భం అనే మాట రాయాలి. దాని బదులు మర్యాదైన మాట ఏదైనా వెతకాలి..."

"వెతికేలోపు చస్తాం! రద్దు!" అన్నాడు వరహాలరావు.

"రద్దు! రద్దు!" అంది సభంతా, వంగిపోయి.

అధ్యక్షుడు మందుకోసం కాలు చాపాడు.

"వరసండీ," అని మంగతాయారు మొదటి ఆకు సింగారమ్మ చేతిలో పెట్టింది. ఏం జరుగుతుందో, దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో నిదానంగా చెప్పింది. సింగారమ్మకి అంతా అర్థమైంది. గుండె తేలికపడింది. ఒంటికాలి మీద గెంతుతున్న వరహాలరావును ఓసారి చూసి, తీరిగ్గా అడిగింది.

"రెండో ఆకు ఎప్పుడన్నారు డాక్టరమ్మా? మళ్లీ మొదటినుంచి చెప్పండి."

నీతి: మన కడుపు నొచ్చేదాకా ప్రతి చట్టమూ మంచిదే.