నేవీ సారు సామాను

పదిహేనేళ్లు నేవీలో ఓడల మీద తిరిగొచ్చిన మురళీకృష్ణ ఇప్పుడు భద్రాచలంలో వరద విశ్లేషకుడు. ఎగువనున్న దుమ్ముగూడెం నుంచి వచ్చే నీటిమట్టం అంకెలు చూసి, గోదావరి ఎంత పెరుగుతుందో రోజూ పొద్దున్నే బులెటిన్ ఇవ్వాలి. ఏడాది కాంట్రాక్టు. ఒక్క తప్పుడు హెచ్చరిక వెళ్లినా ఇంటికేనని పై అధికారి చేరిన రోజే చెప్పాడు.

ఆ జులై ఆదివారం ఆయనకు బులెటిన్‌ను మించిన పని పడింది. ఏటి ఒడ్డు వీధిలోని కిరాయి ఇల్లు ఖాళీ చేసి, మెరక మీది కాలనీకి మారాలి. వంటింటికి కిటికీ లేదని భార్య రాజ్యశ్రీ ఏడాదిగా ప్రాణం తీస్తోంది మరి.

"ముందు బీరువా, తర్వాత మంచాలు," అంటూ మురళీకృష్ణ నేవీ అలవాటు కొద్దీ ఈల ఊదాడు. ఆ ఈలకు వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి.

"ఇది ఓడ కాదండీ. స్టవ్ అందేలా పెట్టించండి, పోగానే టీ పెట్టుకోవాలి," అంది రాజ్యశ్రీ.

ఎదురుగా టిఫిన్ హోటల్ నడిపే గోపాలు అట్టు తిప్పడం ఆపి చూశాడు. తన గోడకే అంటించిన బులెటిన్‌ను ఒక్కనాడూ చదివిన పాపాన పోలేదు. నీళ్ల లెక్క తెలిసిన మనిషే ట్రాక్టర్ మీదికి బీరువా ఎక్కిస్తుంటే ఇంక చదివేదేముంది?

"ఏంది సారూ, నీళ్లు గంత జోరుగ వస్తున్నయా?"

"నీళ్లేం లేవు గోపాలూ. మా ఆవిడకు కిటికీ కావాలట."

"అవ్ సారూ. గవర్నమెంటు నౌకరి, మీరు మాత్రం ఎట్ల చెప్తరు," అని గోపాలు పొయ్యి ఆర్పేసి బియ్యం బస్తాలు మేడెక్కించాడు.

ఇంకేముంది, ఎనిమిదికల్లా వీధంతా మూటలు కట్టింది. తొమ్మిదికి దుకాణాలు మూసేశారు. దర్శనానికొచ్చిన భక్తులు వరుసలోంచి బయటపడి బస్టాండుకు పరుగెత్తారు. పదింటికి పై అధికారి ఫోన్ చేశాడు.

"సగం ఊరు ఖాళీ అయిందట. హెచ్చరిక ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు సార్. నేను ఇల్లు మారాను."

"సామాను వెనక్కి తెచ్చేయండి. లేదంటే సాయంత్రానికి మీ కాంట్రాక్టు ఉండదు."

"ఇప్పుడే గద సారూ దింపినం," అని గొణుక్కుంటూనే ట్రాక్టర్ డ్రైవర్ భీమ్లా సామాను మళ్లీ ఎక్కించాడు. బీరువా పాతింట్లోకి పోవడం కళ్లారా చూశాక గానీ గోపాలు పొయ్యి వెలిగించలేదు. జనం తిరిగొచ్చారు, ఉద్యోగం నిలిచింది. రాజ్యశ్రీ మాత్రం ఎనిమిది రోజులు మొగుడితో మాట్లాడలేదు.

తొమ్మిదో రోజు వరద నిజంగానే వచ్చింది. నీళ్లు మొదటి ప్రమాద హెచ్చరిక మట్టమైన నలభై మూడు అడుగులు దాటాయి, తెల్లారేసరికి యాభై అవుతాయని లెక్క తేలింది. మురళీకృష్ణ మధ్యాహ్నం నుంచీ మైకు పట్టుకుని గొంతు పోయేలా చెప్పాడు. ఒక్కరు కదిలితే ఒట్టు.

"మీ బీరువా ఇంట్లనే ఉన్నది గద సారూ," అన్నాడు గోపాలు, చట్నీ వడ్డిస్తూ.

మురళీకృష్ణ నడిసముద్రంలో తుపానుకు కూడా ఇంత భయపడలేదు. ఈసారి పోయేది ఉద్యోగం కాదు, మనుషులు. మైకు పక్కన పడేసి భీమ్లాకు ఫోన్ చేశాడు. "జల్దీ రా. బీరువా అందరికీ కనపడేలా పైన పెట్టు. ప్రతి వీధీ తిప్పు."

రాజ్యశ్రీ స్టవ్ ఒళ్లో పెట్టుకుని ముందు కూర్చుంది. ట్రాక్టర్ రెండో వీధి మలుపు తిరిగేలోపే వెనక జనం బయల్దేరారు. తెల్లారేసరికి ఇళ్లలో నడుంలోతు నీళ్లున్నాయి గానీ, మనిషన్నవాడు లేడు.

వారం తర్వాత నివేదికలో 'ప్రజలు సకాలంలో కదలడానికి కారణం' అన్న గడిలో మురళీకృష్ణ 'శాస్త్రీయ హెచ్చరిక' అని రాసి సంతకం పెట్టాడు.