పుస్తకంలో లేని సూది

చేసిన పని తప్పని వెనక్కి రావడం కంటే ఆ కోడలికి లోకంలో పెద్ద భయం లేదు. చదువు తొమ్మిదో తరగతిలో ఆగింది. తర్వాత పెళ్లి, ఆపైన కూతురు బుల్లి. ఊడిపోయిన నవలలు ఇంట్లోనే కుట్టి పెట్టమని లైబ్రేరియన్ ఇచ్చిన బైండింగు ఆమె సొంతానికి దొరికిన మొదటి పని. ఆ ఉదయం పెట్టుకున్న కార్యక్రమం కూడా చిన్నదే: బుల్లికి తల దువ్వి, జిగురు కాచి, కొత్త అట్టలు కోసుకోవడం.

సగం జడ అయ్యేసరికి అత్తగారు అడిగింది. కోడలు కుట్టిన పుస్తకం ఏదైనా, గడప దాటేలోపు ఆవిడ చదవాల్సిందే.

"నిన్న ఇచ్చేశావే, ఆ నవల్లో పిల్లకి మధ్యలో ఏమొచ్చిందే?"

"ఏ పిల్లకి అత్తయ్యా?"

"అదే, హీరోయిన్ పిన్ని కూతురు. పియానో వాయిస్తే అందరూ నవ్వుతారే, ఆ పిల్ల. నవ్వినప్పుడల్లా గోడ వైపు తిరిగి ఏడ్చేది. పేజీ తిప్పేసరికి ప్రభువుగారిని నిలబెట్టి కడిగేసింది. అంత నోరు ఎప్పుడొచ్చిందో రాయలేదు."

కోడలి చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఆమె కుట్టింది రెండు నవలలు. ఒకటి రెండొందల ఏళ్ల నాటి ప్రేమకథ: గుర్రపు బళ్లు, చేతి తొడుగులు, నాట్య విందులు, ఆఖర్న పెళ్లి. రెండోది ఆ పాత్రలనే తీసుకుని ఈ కాలంలో ఎవరో తిరగరాసింది. పాతదాంట్లో నవ్వులపాలైన పిల్ల కొత్తదాంట్లో కథానాయిక. పెళ్లి వద్దని సంగీతం బడి పెడుతుంది. సైజు ఒకటే, అక్షరాలు ఒకటే. కుట్టు విప్పిన కాగితాల మడతలను బుల్లి గదంతా పరిచి, వాటి మీద పడుకుని ఈత కొట్టింది. కోడలు మళ్లీ ఏరి పేర్చింది. పేజీ అంకెలు కలిశాయి, ప్రభువుగారి పేరు కలిసింది, బంగళా పేరూ కలిసింది. కుట్టేసింది, తారుమారుగా.

ఎవరూ తెరవకముందే తెచ్చి విప్పి సరిగ్గా కుట్టాలి. అంతే. సగం జడతోనే బుల్లిని చంకనేసుకుని బయల్దేరింది.

లైబ్రేరియన్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. "నీ కుట్టు చూశానమ్మా. లాగినా ఊడదు. ఇక మన లైబ్రరీ బైండింగంతా నీకే."

ఆ మాట తర్వాత నిజం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. "ఆ పాత నవల ఒక్కసారి కావాలండీ."

"అది పెద్ద టీచరమ్మ పట్టుకెళ్లారు. ఇవాళ వాళ్లింట్లో పాఠకుల సమావేశం, పైకి చదువుతారట. రెండోది అదిగో, బల్ల మీదుంది. పాతదానికి అంత తొందరేం లేదుగా?"

పెద్ద టీచరమ్మ ఆ ఊరి బడికి ప్రధానోపాధ్యాయినిగా చేసి రిటైరైన మనిషి. పాత నవలల్ని తిరగరాసేవాళ్ల పేరెత్తితే ఆవిడకు బీపీ పెరుగుతుంది. కోడలు నోటికొచ్చిన అబద్ధం అందుకుంది. "లోపల సూది మర్చిపోయానండీ," అంది.

లైబ్రేరియన్ ఫోన్ అందుకున్నాడు. "టీచరమ్మగారూ, పుస్తకం తెరవకండి. సూది ఉందట. ఆ, తుప్పు పట్టిందో లేదో తెలీదు."

కోడలు పరుగులాంటి నడకతో ఆ వీధి చేరేసరికి గేటు దగ్గరే పనిమనిషి ఎదురైంది. "లోపలికెళ్లకమ్మా. పుస్తకంలో విషం సూదట. కాంపౌండర్‌కి కబురెళ్లింది."

"ఎవరికైనా గుచ్చుకుందా?"

"గుచ్చుకోలేదు. గుచ్చుకుంటే వెంటనే పొడవాలని ముందే పిలిచారు."

హాల్లో పాఠకులంతా కాళ్లు పైకి పెట్టుకుని కుర్చీల్లో కూర్చున్నారు. కాంపౌండర్ సిరంజి పట్టుకుని, ఎవరు చెయ్యి చాపుతారా అని చూస్తున్నాడు. మధ్యలో పెద్ద టీచరమ్మ, తోటపని తొడుగులు వేసుకుని, చెంచా కాడతో పేజీలు తిప్పుతూ చదువుతోంది. సగం ఎప్పుడో దాటిపోయింది.

"టీచరమ్మగారూ, అది ఇటివ్వండి."

"సూది దొరికాక."

"సూది లేదండీ."

"అయితే గొడవే లేదు. కూర్చో, ఈ అధ్యాయం అవనీ."

కోడలు కూర్చోలేదు. బుల్లిని రెండో చంకకు మార్చుకుంది. పని పోతే పోయింది, చెప్పి తీరాలనుకుంది. "సూది అబద్ధమండీ. పుస్తకమే తప్పు. ముందు సగం పాతది, వెనక సగం తిరగరాసింది. నేనే కలిపి కుట్టేశాను. విప్పి సరిచేసి ఇస్తాను."

పాఠకుల్లో ఒకావిడ కాళ్లు కిందికి దించింది. కాంపౌండర్ సిరంజికి మూత పెట్టాడు.

"తప్పని నాకు సగం దాటగానే తెలిసింది," అంది పెద్ద టీచరమ్మ, చెంచాతో పేజీ తిప్పుతూ. "పెళ్లైన దగ్గర్నుంచి చదువుతున్నానమ్మాయ్ ఈ నవల. ఎన్నిసార్లు చదివినా ఆ పిల్ల గోడ వైపు తిరిగి ఏడుస్తూనే ఉంటుంది. ఇవాళ మొదటిసారి ఇటు తిరిగింది. నువ్వు కుట్టు విప్పావంటే నేనూరుకోను."

అప్పటికి లైబ్రేరియన్ రొప్పుతూ వచ్చాడు. సంగతంతా విని, కోడలి మొహమూ టీచరమ్మ తొడుగులూ మార్చి మార్చి చూశాడు.

"ఆ అమ్మాయి పని ఆ అమ్మాయికే ఉంచు," అంది టీచరమ్మ. "తప్పు తనే వచ్చి చెప్పింది. మనవాళ్లలో ఎవరైనా చెబుతారా?"

"ఉంచుతానండీ. మరి ఆ రెండో పుస్తకం?"

లెక్క అందరికీ ఒకేసారి తట్టింది. అందులో ఆ పిల్ల పెళ్లి కాదని, బడికి ఇల్లు వెతుక్కుని, సరిగ్గా ప్రభువు ఎదుట నోరు విప్పబోయే చోట పేజీ తిరుగుతుంది. తిరగ్గానే మళ్లీ గోడ పక్క ఏడుపు.

"తెచ్చేస్తాను," అని కోడలు గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కణ్ణుంచి తెస్తావు?" అన్నాడు లైబ్రేరియన్ నీరసంగా. "నేను ఫోన్లో సూది గురించి మాట్లాడుతుంటే ఎవరో ఒకావిడ దాన్ని ఊపి చూపించి పట్టుకెళ్లింది. నేను తలూపాను. మొహం చూడలేదు."

కోడలు ఆ రోజు నుంచి, బుల్లి చంకన ఉండగా, వీధి వీధీ అడుగుతూనే ఉంది. ఇంకా దొరకలేదు. కాబట్టి మీకో మనవి. మీ పక్కింట్లో ఎవరైనా ఒకావిడ నవల సగం దాకా ఉత్సాహంగా చదివి, ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని ఉంటే, ఒకసారి వెళ్లి చూసి రండి. ఆ పిల్ల బడి పెట్టిందనీ, బాగానే నడుస్తోందనీ చెప్పండి.