టికెట్టుకు మించిన మనిషి

కొండేరు నదిలో రబ్బరు పడవ ఎక్కి ఐదుగురు వెళితే ఆరుగురు దిగుతారు. నలుగురు వెళితే ఐదుగురు. కొత్తగా పెళ్ళయిన జంట వెళితే ముగ్గురు దిగుతారు గనక, అలాంటి జంటల్ని పర్యాటక శాఖ వారు ముందే పక్కకి పిలిచి, బాగా ఆలోచించుకోమని చెబుతారు. ఇందులో వింతేమీ లేదు. కొండ మీద చలి వేసినట్టూ, సముద్రం దగ్గర కాళ్ళకి ఇసుక అంటినట్టూ, కొండేరులో ఒక మనిషి ఎక్కువవుతాడు. జొన్నలమెట్ట రేవులో టికెట్లిచ్చే గది గోడ మీద నీలం రంగుతో రాసే ఉంది: "ఎక్కువైన మనిషికి పర్యాటకులదే బాధ్యత. తిరుగు బస్సులో టికెట్టున్నవారికే సీట్లు."

వచ్చిన చిక్కల్లా ఆ ఎక్కువైంది ఎవరో తెలియకపోవడమే. నది చేసే పని శుభ్రంగా చేస్తుంది. ఉత్త మనిషిని తయారుచేసి ఊరుకోదు. అతని పేరూ, చిన్నప్పటి జ్వరాలూ, ఆధార్ కార్డూ, పెళ్ళి ఫొటోలో వెనక వరసలో అతని మొహం, మిగిలినవాళ్ళ బుర్రల్లో అతని గురించిన జ్ఞాపకాలూ, అన్నీ సర్దిపెట్టి మరీ పంపుతుంది. తాను కొత్తగా వచ్చానన్న సంగతి ఆ మనిషికీ తెలియదు. ఎక్కినప్పుడు ఎంతమందో టికెట్టు ఒక్కటే చెబుతుంది. టికెట్టు పర్యాటక శాఖది, నది నీటిపారుదల శాఖది. ఒక శాఖ కాగితంలో ఇంకో శాఖ వేలు పెట్టదు.

ఎవరు ఎక్కువో కుటుంబమే తేల్చుకుని ఒకరిని రేవులో వదిలిపెట్టాలి. బస్సు మొదటి మలుపు తిరిగేసరికి ఆ వదిలేసిన మనిషి మిగిలినవాళ్ళ బుర్రల్లోంచి చెరిగిపోతాడు. పొరపాటున అసలు మనిషిని వదిలేసినా అలాగే చెరిగిపోతాడు గనక, ఇన్నేళ్ళలో శాఖకి ఒక్క ఫిర్యాదూ రాలేదు. సేవ బాగుందని పై నుంచి రెండుసార్లు షీల్డు కూడా ఇచ్చారు.

మండపేటలో మోటార్లకి వైండింగు చేసే ముత్యాలరావు కుటుంబం దసరా సెలవుల్లో ఈ నదికే వచ్చింది. అందరం కలిసి ఎక్కడికైనా వెళదామన్నది ముత్యాలరావు. అనడం వరకే ఆయన పని. మిగతాది ఆయన భార్య మాణిక్యం చూసుకుంది. వానలు వెనకబట్టి, నీళ్ళు మరీ ఉరకకుండా, మరీ రాళ్ళు తేలకుండా ఉండే వారం ఏదో కనుక్కుంది. అత్తగారు సూరమ్మకి మోకాళ్ళ నొప్పులు గనక మెట్లు లేని రేవు వెతికింది. తడిసే బట్టలు వేరు, ఆరిన బట్టలు వేరు కట్టి, మనిషికో సంచి పెట్టింది. నీళ్ళలో ఊడిపోకుండా కాళ్ళకి తాళ్ళున్న చెప్పులు అందరికీ కొంది. తెల్లారకముందే లేచి పులిహోర కలిపింది. మర్నాటి ఇడ్లీలకి పిండి రుబ్బి ఫ్రిజ్ లో పెట్టి, అప్పుడు ఇంటికి తాళం వేసింది. తర్వాత రేవులో చూసుకుంటే సంచులూ ఆరే, చెప్పులూ ఆరు జతలే. నది పని శుభ్రమని ముందే చెప్పుకున్నాం.

పడవ బాగానే సాగింది. మొదటి సుడి దగ్గర సూరమ్మ దేవుళ్ళందరినీ పేరు పేరునా పిలిచింది. రెండో సుడి దగ్గర, పిలిస్తే రాని దేవుళ్ళని తిట్టింది. ఆ తర్వాత పెద్ద అల ఒకటి పడవంతటినీ కప్పేసింది. అప్పుడే జరిగి ఉంటుంది. ఆ సమయానికి ఎవరైనా కళ్ళు మూసుకునే ఉంటారు. గట్టెక్కాక పడవవాడు తెడ్డు చివరతో ఒక్కొక్కరి భుజం తట్టి లెక్కపెట్టి, "ఆరు. కౌంటరు దగ్గరికెళ్ళండి" అని చెప్పి, తర్వాతి వాళ్ళకి టోపీలు పెట్టడానికి వెళ్ళిపోయాడు.

కౌంటరులో లోవరాజు అనే పెద్దమనిషి ఉన్నాడు. ఈ పనిలో తల నెరిసినవాడు. ఆయన వాళ్ళని కూర్చోబెట్టి, తువ్వాళ్ళు కప్పుకోమని, ఆ తర్వాతే విషయంలోకి వచ్చాడు.

"టికెట్లు ఐదండి. దిగింది ఆరుగురు. బస్సు కదిలేలోగా మీలో మీరు తేల్చుకుని ఒకళ్ళని ఇక్కడ ఉంచెయ్యండి. తేలకపోతే బస్సు కదలదండి. వెనకాల వాళ్ళు తిడతారు."

"బుక్ చేసింది నువ్వేగా. ఎవరెవరికి చేశావ్?" అన్నాడు ముత్యాలరావు.

మాణిక్యం వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది. "మీరు, నేను, అత్తయ్యగారు, లాస్య, ఉజ్వల్..." చెయ్యి అయిపోయింది. రెండో చేతి బొటనవేలు దానంతట అదే ముడుచుకుంది. "...తమ్ముడు."

"చెయ్యి దాటాక వచ్చినోడే ఎక్కువ" అంది సూరమ్మ. "ఈ అబ్బులే. నాకు వీడి మీద మొదట్నించీ అనుమానమే."

"మొదట్నించీ అంటే ఎప్పట్నించండి?" అని అడిగాడు లోవరాజు.

"వీళ్ళక్క పెళ్ళప్పట్నించి."

"అది చెల్లదండి. ఈవేళ పడవ దిగాక వచ్చిన అనుమానాలే తీసుకుంటాం."

మాణిక్యం గొంతు తగ్గించి, తమ్ముణ్ణి అంటుంటే ఊరుకోలేక, తన అనుమానం తాను చెప్పింది. "ఏవండీ, ఇందాక గట్టెక్కగానే పొట్లం విప్పి, పులిహోర బావుందన్నారు అత్తయ్యగారు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఒక్కనాడూ అన్లేదు."

ముత్యాలరావు తల్లికేసి కొత్తగా చూశాడు. లోవరాజు కళ్ళజోడు సర్దుకుని కాస్త ముందుకి వంగాడు. ఇలాంటివి ఆయన తేలిగ్గా తీసుకోడు.

"బావుందన్నానా? ఉప్పు చల్లితే బావుంటదన్నాను!" అంది సూరమ్మ. "నీటి హోరులో సగమే విన్నావు. చింతపండు పులుసు చేత్తో పిసకమంటే మిక్సీలో వేస్తావు, ఇంక దానికి రుచెక్కడ్నించొస్తదే?"

మాణిక్యం తల దించుకుంది. అత్తగారు అసలైనావిడేనని ఎవరూ చెప్పకుండానే తేలిపోయింది.

ఇంక అబ్బులు ఆగలేదు. "అత్తయ్యగారూ, నేను నీళ్ళలోంచి పుట్టినోణ్ణయితే, విడిదింట్లో కాఫీ చల్లారిపోయిందని మీరు పెట్టిన పేచీ నాకెలా తెలుస్తది?"

"చల్లారిందా? అసలిచ్చారా మీరు? మా తోడికోడలు ఇప్పటికీ దెప్పుతది!"

"రెండుసార్లిచ్చాం! మా నాన్న స్వయంగా..."

"మీ నాన్న స్వయంగా తాగేశాడు!"

లోవరాజు చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. "ఆయ్, చాలండి. ఇద్దరూ నికార్సయినవాళ్ళే. నదికి అన్నీ వచ్చుగానండి, కోపాన్ని ఇన్నేళ్ళు చల్లారకుండా ఉంచడం మాత్రం రాదు."

పిల్లల సంగతి ఇంకా తొందరగా తేలింది. వాళ్ళని పక్కపక్కన నిలబెట్టి ఒకే తువ్వాలు ఇచ్చారు. లాస్య తమ్ముడి వీపు మీద ఒక్కటిచ్చింది, ఉజ్వల్ అక్క జడ పట్టుకున్నాడు. లోవరాజు తృప్తిగా తల ఊపి, కుటుంబ పెద్ద వైపు తిరిగాడు.

"మీ అమ్మాయిగారు ఏం చదువుతున్నారండి?"

"ఇంటరు" అన్నాడు ముత్యాలరావు. కూతురి మొహం చూసి, "ఇంటరేగా?" అన్నాడు.

"బీటెక్ రెండో సంవత్సరం, నాన్నా."

"అసలు తండ్రేనండి, సందేహం లేదు" అన్నాడు లోవరాజు. "నది పంపిన తండ్రులైతే హాల్ టికెట్టు నంబరుతో సహా చెప్పేస్తారు. కొత్తగా వచ్చిన మనిషికి లోపల బెదురుంటది కదండి. ఎవరేం తింటారు, ఎవరికేం పడదు, అన్నీ వల్లెవేసుకుని వస్తారు. ఇంట్లో మనిషికా అవసరం ఏముంటదండి?"

సరిగ్గా ఆ మాట అంటున్నప్పుడే మాణిక్యం అత్తగారి చేతిలో మోకాలి మాత్ర పెట్టి, కూతురి జడ విప్పి నీళ్ళు పిండి, చెవిలో నీళ్ళు పోయాయంటున్న తమ్ముణ్ణి ఒంటికాలి మీద గెంతమంటోంది. చెప్పడం అయ్యాక తలెత్తి చూస్తే అందరూ తననే చూస్తున్నారు. అబ్బులు ఒంటికాలి మీదే ఆగిపోయాడు.

"నా మాత్ర వేళ నాకే గుర్తుండదు" అంది సూరమ్మ నెమ్మదిగా. "దీనికెట్టా తెలిసింది?"

"అదెప్పుడూ అంతేనమ్మా" అనబోయాడు ముత్యాలరావు. ఆ 'ఎప్పుడూ' కూడా నది ఇందాకే తన బుర్రలో పెట్టిందేమోనని తట్టి, సగంలో ఆపేశాడు.

లోవరాజు కుర్చీ మాణిక్యం వైపు జరుపుకున్నాడు. గొంతులో మర్యాద ఏమాత్రం తగ్గలేదు. "ఏం లేదండి, రివాజుగా అడిగేదే. ఈవిడకి ఏం ఇష్టమో ఒక్కటి చెప్పండి. ఎవరు చెప్పినా సరే. ఒక్కటి చాలు."

"దానికి అన్నీ ఇష్టమే" అన్నాడు ముత్యాలరావు.

"అన్నీ అంటే రాసుకోనండి."

"అమ్మకి మాడిన అట్లు ఇష్టం" అన్నాడు ఉజ్వల్. "ఎప్పుడూ అవే తింటది."

"అవి ఇష్టమై తింటదా?" అంది లాస్య. ఆ తర్వాత తనకీ ఏమీ తోచలేదు.

"అక్కకి చిన్నప్పుడు... రేగొడియాలు..." అని అబ్బులు నుదురు నొక్కుకున్నాడు. "కాదు, అవి పక్కింటి వాళ్ళమ్మాయికి."

మాణిక్యం తనే చెప్పేద్దామని నోరు తెరిచింది. గోరుచిక్కుడు కూర అందామంటే అది మొగుడికి ఇష్టం. కొబ్బరి పచ్చడి లాస్యది. మామిడి తాండ్ర అత్తగారిది. మధ్యాహ్నం పూట ఎవరూ లేకుండా కాసేపు నడుం వాల్చడం ఇష్టమని చెబుదామనుకుంది గానీ, అది ఇష్టమో అలసటో తేల్చుకోలేకపోయింది. ఇంటికి వెళ్ళాలని మాత్రం ఉంది. ఆ గదిలో ఉన్న అందరికంటే ఎక్కువగా ఆవిడకే ఉంది. అయితే ఎక్కువైన మనిషికి కూడా అచ్చం అలాగే ఉంటుందని ఆవిడకి తెలుసు.

"నేనేనేమోనండి" అంది.

కాదని ఎవరైనా అంటారేమోనని లోవరాజు కొంచెంసేపు ఆగాడు. బయట బస్సు హారను కొట్టింది. ఉజ్వల్ తల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకుని, నాన్న కేసి చూసి, వదిలేశాడు. ముత్యాలరావు గొంతు సవరించుకుని, "మరి పొద్దుపోతోంది" అన్నాడు.

అప్పగింతలకి ఎక్కువసేపు పట్టలేదు. తాళంచెవి మీ సంచి జిప్పులో ఉందని మొగుడికీ, పిండి పులిసిపోతుంది పొద్దున్నే ఇడ్లీ వేసేయమని కూతురికీ, చన్నీళ్ళు పోసుకోవద్దని అత్తగారికీ చెప్పింది మాణిక్యం. వాళ్ళు తలలూపి బస్సెక్కారు. ఐదు సీట్లు, ఐదుగురు. ఎవరూ ఎవరి ఒళ్ళోనూ కూర్చోనక్కర్లేకపోయింది.

బస్సు కదలబోతుంటే ముత్యాలరావు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "మాణిక్యం, వాంతుల మాత్రలెక్కడ పెట్టావ్?"

"తమ్ముడి చొక్కా జేబులో. ఉజ్వల్‌కి సగమే వెయ్యండి."

ఆయన లోపలికి తిరిగి, "చూశావా అమ్మా, అదీ తెలుసు" అన్నాడు.

"నే చెప్పలా" అంది సూరమ్మ.

లాస్య వెనక అద్దంలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. మలుపు తిరిగాక, ఆ చెయ్యి ఎందుకెత్తిందో గుర్తురాక జుట్టు సర్దుకుంది.

రేవు పక్కన రేకుల షెడ్డులో పొడుగాటి బెంచీ ఉంది. ఆ రోజు పడవల్లో మిగిలినవాళ్ళు అక్కడ కూర్చుంటారు. ఒక పెద్దావిడ, ఎవరూ అడగకుండానే, ఆరేసిన లైఫ్ జాకెట్లు మడత పెడుతోంది. కళ్ళజోడాయన ఒకడు ఇంటి కరెంటు మోటారు ఆపారో లేదోనని గొణుగుతున్నాడు. లోవరాజు తనే టీ తెచ్చి మాణిక్యం చేతికిచ్చాడు. పంచదార ఎంత అని అడిగాడు. ఆవిడ ఎంతో చెప్పలేకపోయింది. ఆయన తన అంచనా మీద వేశాడు.

"ఇక్కణ్ణించి ఎక్కడికి పంపుతారండి?" అని అడిగింది.

"దిగులుపడకండి. మనిషి తక్కువైన ఇళ్ళు బోలెడుంటాయి. పొద్దున్నే వచ్చి చూసుకుంటారు. వంటొచ్చినవాళ్ళు మధ్యాహ్నం దాకా కూడా మిగలరు."

మాణిక్యం టీ తాగుతూ కాసేపు నది కేసి చూసింది. అది బుద్ధిమంతురాలిలా పారుతోంది. ఆవిడకి ఏదో అనుమానం వచ్చింది.

"ఏవండీ, ఒకవేళ మేం, ఆరుగురూ మావాళ్ళే, ఎవర్నీ వదలం అని ఉంటే ఏం చేసేవారు?"

"ఏం చేస్తామండి, తీసుకుపొమ్మంటాం" అన్నాడు లోవరాజు. "బస్సులో ఒక సీటు అదనంగా ఉంచమనే రూలుంది. డ్రైవరు వెనక సీటది. ఎప్పుడూ తుడిచే ఉంచుతాం."

"మరి చెప్పలేదే?"

"అడిగితేనే చెప్పాలని రూలండి. నేను చేరిన కాడ్నించి ఎవరూ అడగలేదు."

మాణిక్యం గ్లాసు అడుగున మిగిలిన టీ తిప్పి తిప్పి చూసింది.

"మేమూ అడిగేవాళ్ళం కాదు లెండి" అంది. "నేనైతే అసలు అడిగేదాన్ని కాదు."

లోవరాజు అవునన్నట్టు తల ఊపి ఖాళీ గ్లాసు తీసుకున్నాడు. ఇంతలో ఆఖరి పడవ గట్టుకి తగిలింది. పెద్ద కుటుంబం, తడిసి ముద్దయి, నవ్వుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ దిగారు. పడవవాడు తెడ్డు తీసుకుని భుజాలు తట్టడం మొదలుపెట్టాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి, చూపులు అటూ ఇటూ తిరగసాగాయి. ఆ గుంపులో సన్నపాటి మనిషి ఒకాయన మాత్రం ఇదేమీ పట్టించుకోకుండా, ఎవరి పొడి బట్టలు వాళ్ళకి వెతికి అందిస్తున్నాడు.

మాణిక్యం ఆయన్ని కాసేపు చూసి, బెంచీ మీద పక్కకి జరిగి చోటు చేసింది.