ఇంటి నుంచే అంబులెన్సు

మహమ్మారికి భయపడి లోకమంతా తలుపులు బిగించుకున్న రోజుల్లో మా శిక్షణ శాఖ మంత్రిగారు టీవీలో కనిపించి, "తలుపులు మూతపడ్డాయి గాని శిక్షణ మూతపడదు" అని ప్రకటించారు. ఇకపై అంబులెన్సు డ్రైవర్లు కూడా ఇంట్లో కూర్చునే తయారవుతారన్నారు. అధికారులు చప్పట్లు కొట్టారు. చేతులకు గ్లవుజులుండటం వల్ల చప్పుడు రాలేదు గాని, భక్తి కనిపించింది.

నేను అంబులెన్సు డ్రైవర్లకు నేర్పే కేంద్రంలో ఇన్‌స్ట్రక్టర్ని. అప్పటిదాకా మాది చాలా మోటు పద్ధతి. మనిషిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, పక్కన నేను కూర్చుని, అతను గోడ మీదికి పోనిస్తుంటే బ్రేకు నొక్కేవాణ్ణి. ఇందుకు డీజిలు, గోడ, గుండెధైర్యం ఖర్చయ్యేవి. మంత్రిగారి దూరదృష్టి వల్ల మూడూ ఆదా అయ్యాయి. బండ్లకు టార్పాలిన్లు కప్పి, నన్ను 'డిజిటల్ మెంటర్' చేశారు.

ఏం చెప్పినా తెర మీద స్లైడ్లు వేసి చెబుతారని మా డైరెక్టరుగారిని అందరూ స్లైడ్ల సారు అంటారు. ఆయన్ని అడిగాను. "సార్, మరి ప్రాక్టికల్స్ ఎలాగండీ?"

"వీడియో ఒకసారి చూస్తే థియరీ. ఆపి ఆపి చూస్తే ప్రాక్టికల్" అన్నారాయన.

ఇన్నేళ్ల సర్వీసులో ఈ తేడా తెలుసుకోనందుకు సిగ్గుపడ్డాను.

ఆ బ్యాచ్‌లో మా బావమరిది కూడా ఉన్నాడు. పనిచేసే బట్టల కొట్టు మూతపడితే, మా అత్తగారితో సహా మా ఇంటికి వచ్చేశాడు. కష్టపడే మనిషి. వంటింట్లో స్టూలు వేసుకుని, పళ్లెం స్టీరింగుగా, మా ఇంటిల్లిపాది చెప్పులు పెడల్సుగా పెట్టుకుని, ఫోను చూస్తూ సాధన చేసేవాడు.

"అమ్మా, పక్కకి తప్పుకో! లోపల పేషెంటున్నాడు!"

"ఉంటే ఉన్నాడు గాని, ఆ పళ్లెం ఇటివ్వరా. మీ బావకి అన్నం పెట్టాలి" అనేది మా అత్తగారు.

ఒకరోజు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "బావా, నిజం బండి ఎప్పుడిస్తారు?"

"ఇస్తార్లే."

"పళ్లెం ఎలా తిప్పినా ఎవరికీ ఏం కాదు బావా. బండిలో ప్రాణమున్న మనిషుంటాడు కదా."

నేను డిజిటల్ మెంటర్ని కాబట్టి, "నెట్ సరిగ్గా వస్తోందా?" అని అడిగాను.

పరీక్ష కూడా ఫోన్లోనే పెట్టారు. అందరూ పాసయ్యారు. మధ్యలో కరెంటు పోయినవాళ్లకు కరెంటు మార్కులు కలిపారు. మా బావమరిదికి ఫస్టు ర్యాంకు వచ్చింది. శిక్షణ కాలంలో ఒక్క యాక్సిడెంటు కూడా జరగలేదని మంత్రిగారు సగర్వంగా ప్రకటించారు. పత్రికలు దాన్ని అపూర్వమన్నాయి. నిజంగానే అపూర్వం.

మహమ్మారి తగ్గింది. చప్పట్లు ఆన్‌లైన్లో సరిగ్గా వినపడవు కనుక, సర్టిఫికెట్ల సభ మాత్రం మా కేంద్రం మైదానంలో పెట్టారు. కడిగిన అంబులెన్సును వేదిక పక్కన నిలిపి, ఫొటోల కోసం మా బావమరిదిని స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. మంత్రిగారు అతన్ని చూపిస్తూ, "ఇటువంటి డ్రైవరు చేతిలో కళ్లు మూసుకుని ప్రాణం పెట్టొచ్చు!" అన్నారు. అని, ఛాతీ పట్టుకుని, కళ్లు మూసి కుర్చీలో ఒరిగిపోయారు.

డాక్టరు వచ్చి నాడి చూశాడు. "గుండె! వెంటనే ఆస్పత్రికి!"

స్ట్రెచరు ఎక్కించాం. అంబులెన్సులోకి తోశాం. మా బావమరిది అద్దంలోంచి నాకేసి చూశాడు. ఆ చూపు నేను భరించలేకపోయాను.

"సార్, నేను నడుపుతానండీ" అన్నాను.

స్లైడ్ల సారు నా చెయ్యి పట్టుకుని లాగారు. "పేపర్లవాళ్లు చూస్తున్నారయ్యా! పైగా నీది పాత చదువు. డిజిటల్ సర్టిఫికెట్ ఏదీ?"

ఆ మాటలకు మంత్రిగారు ఒక కన్ను తెరిచారు. "ఎవరు నడిపేది?"

"మన ఫస్టు ర్యాంకరే సార్!"

మంత్రిగారు తల ఎత్తి నీరసంగా అడిగారు. "బాబూ, ఇంతకుముందు నడిపావా?"

"రోజూ నడిపానండి" అన్నాడు మా బావమరిది. అబద్ధం చేతకాని మనిషి. "వంటింట్లో."

మంత్రిగారు రెండో కన్ను కూడా తెరిచారు. ముక్కు మీది ఆక్సిజన్ మాస్కు తనే తీసేసి, స్ట్రెచరు దిగారు.

"సార్, ఆస్పత్రి వంతెన అవతలండీ!" అని డాక్టరు మొత్తుకున్నాడు.

"నడుస్తాను" అన్నారాయన.

ఒక చేత్తో ఛాతీ పట్టుకుని, చెమటలు కక్కుతూ ఎండలో బయలుదేరారు. ఏం జరుగుతోందో తెలియని కార్యకర్తలు జిందాబాద్ కొడుతూ వెంట నడిచారు. స్లైడ్ల సారు గొడుగు పట్టారు. నా పక్కనున్న విలేకరి ఫోన్లో తన ఆఫీసుకు హెడ్డింగు చెబుతున్నాడు. "ఆరోగ్యస్పృహ కోసం మంత్రి పాదయాత్ర. రాసుకున్నావా?"

మైదానం ఖాళీ అయింది. నేను వెళ్లి అంబులెన్సు తలుపు తీశాను. మా బావమరిది స్టీరింగును బిగించి పట్టుకున్న వేళ్లు ఒక్కొక్కటే విప్పి, చొక్కాతో మొహం తుడుచుకున్నాడు.

"అమ్మయ్య! బతికిపోయారు బావా" అన్నాడు.

ఎవరని నేను అడగలేదు.